లోపల ఎన్నున్నాయి?

సిస్టరమ్మ పోయిన కబురు మాకు ఒక తప్పుతో చేరింది.

మధ్యాహ్నం స్కూల్లో అన్నాల బెల్లు కొట్టారు. ఫోను తీసి చూస్తే ‘ఆదివారం తెలుగు క్లాసు’ గ్రూపులో సుధీర్ పెట్టిన మెసేజి ఉంది. “మన సిస్టరమ్మ గారు ఈ ఉదయం కన్నుమూశారు. భూస్థాపన నిన్న సాయంత్రం నాలుగు గంటలకు. అందరూ తప్పక రావలెను.”

ఉదయం పోయిన మనిషికి నిన్న సాయంత్రం భూస్థాపన! ఏడుపు రావాల్సిన చోట నాకు ముందు కోపం వచ్చింది. వచ్చిన కోపాన్ని ఆపుకోవడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. స్టాఫ్ రూములోంచి బయటికొచ్చి వాడికి ఫోన్ చేశాను. సుధీర్ నాకంటే రెండేళ్లు చిన్న, మా క్లాసువాడే, ఇప్పుడు ఉక్కు ప్లాంటులో ఉద్యోగం.

“ఒరే, నిన్నేట్రా? నిన్న ఎలా పాతిపెడతారు? బుర్రుందా నీకు?”

“అరే దీదీ, కల్... కల్ కా ప్రోగ్రామ్ హై నా...” అని నీళ్లు నమిలాడు. గొంతు బొంగురుగా ఉంది. ఏడుస్తూ రాశాడని అప్పుడు తెలిసింది. “రేపు దీదీ. రేపే. కంగార్లో రాసీసేను.”

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మేం భిలాయిలో పుట్టి పెరిగిన తెలుగువాళ్లం. హిందీలో నిన్నకీ రేపటికీ కలిపి ‘కల్’ అని ఒకటే మాట. మేం లోపల హిందీలో అనుకుని పైకి తెలుగులో అంటాం. ఆ దారిలో ఎక్కడో నిన్న కాస్తా రేపయిపోతుంది, రేపు నిన్నయిపోతుంది. “నిన్న మా ఇంటికి రండి, తప్పకుండా” అని పిలిచినవాళ్లున్నారు మా ఊళ్లో. సిస్టరమ్మ దీనికి ‘కల్ జ్వరం’ అని పేరు పెట్టింది. “మందు లేదర్రా దీనికి. రాసింది మళ్లీ చూసుకోడవే” అనేది.

ఆ మెసేజి ఆవిడ చేతికిస్తే ఒక్క ముక్కే అనేది. “ఒకటుంది.” అంతే. ఏదో చెప్పదు, ఏ లైన్లో ఉందో చెప్పదు.

“దీదీ, ఇంకో మాట,” అన్నాడు సుధీర్. “చర్చి గేటు దగ్గర ఫ్లెక్సు కట్టాలంట. తెలుగులో. గార్డు మావయ్య నిన్నే రాయమన్నాడు. తప్పులుండకూడదంట.”

గార్డు మావయ్య అంటే సిస్టరమ్మ భర్త, రైల్వేలో గార్డుగా చేశాడు. రేపు నాలుగింటికి ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు అరవై మందైనా వస్తారు. వాళ్లంతా ఆ ఫ్లెక్సు ముందు నిలబడతారు. అందులో ఒక్క తప్పున్నా పోయేది నా పరువు కాదు, ఆవిడది. తప్పులు ఏరుకోవడం తప్ప మరేమీ నేర్పని మనిషిని తప్పులతో సాగనంపితే ఇక నా మొహం ఎక్కడ పెట్టుకోను?

సిస్టరమ్మ ప్లాంటు ఆస్పత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. నర్సుల్ని అందరూ సిస్టర్ అంటారు కదా, మా తెలుగువాళ్లు దానికి ‘అమ్మ’ తగిలించారు. హిందీవాళ్లు ‘దీదీ’ తగిలించి సిస్టర్ దీదీ అన్నారు. అంటే అక్క అక్క. “రెండుసార్లు అక్కనయ్యేను కాబట్టి నా మాట రెండుసార్లు వినాలి” అని వాళ్లతో హాస్యమాడేది. పొట్టి మనిషి, గబగబా నడక. గోళ్లు మొదలంటా కత్తిరించుకునేది. ఎవరు ఏ కాగితం ఇచ్చినా కాస్త దూరంగా, కిటికీ వెలుతురుకి ఎదురుగా ఎత్తి పట్టుకుని చూసేది. కిరాణాకొట్టు చీటీ అయినా సరే, అలాగే.

ఆవిడ దగ్గరికి నేను చేరడానికి కారణం మా అమ్మమ్మ మెడ.

అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. చదువు హిందీ మీడియం. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది. విజయనగరం దగ్గర పల్లెలో ఉండే అమ్మమ్మకి ఎవరి సాయం లేకుండా నేనే ఉత్తరం రాశాను. “అమ్మమ్మా, నీ మేడ నొప్పి తగ్గిందా? మేము వచ్చే నేల వస్తాము. నాన్న చేప్పాడు.” హిందీలో పొట్టి ఎ, పొట్టి ఒ లేవు, ఉన్నవన్నీ పొడుగువే. అందుకని ఎత్వం రాయాల్సిన చోట మా చెయ్యి దానంతటదే ఏత్వం పెట్టేస్తుంది. మెడ మేడయింది, నెల నేలయింది. మా భాష పేరే ‘తేలుగు’ అని రాసేవాళ్లం, తేలు ఒకటి దూరినట్టు.

అమ్మమ్మది రెండు గదుల పెంకుటిల్లు. ఆవిడకి చదువు రాదు. ఉత్తరం చదివిపెట్టినాయన “మేడెప్పుడు కట్టేవు, మాకు చెప్పనేలేదు” అని మొదలుపెట్టాడట. సెలవులకి మేం వెళ్లేసరికి ఊరంతా తయారుగా ఉంది. “ఏటే గుంటా, మీ అమ్మమ్మ మేడకేటి నొప్పి? సున్నం వేయించాలేటి?” బావి దగ్గర ఒకరు, బస్సు దగ్గర ఒకరు. ఉడుకుమోతు పిల్లని నేను. తిరిగొచ్చాక ఈ జన్మలో తెలుగు రాయనని ఒట్టు పెట్టుకున్నాను. అమ్మ ఆ ఉత్తరాన్ని కూడా పట్టుకొచ్చి, నా రెక్క పుచ్చుకుని రుఆబాంధా కాలనీలో సిస్టరమ్మ క్వార్టరుకి లాక్కెళ్లింది.

సిస్టరమ్మ ఉత్తరాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది. నవ్వుతుందేమోనని కాచుకుని ఉన్నాను, నవ్వితే లేచి పారిపోదామని. నవ్వలేదు.

“తొమ్మిదున్నాయి లోపల,” అంది.

“ఏవేవమ్మా?” అని అడిగింది అమ్మ.

“నన్నడుగుతారేటి? లోపల పెట్టింది మీ అమ్మాయి. పెట్టినోళ్లే తియ్యాలి.” అప్పుడు నా వైపు తిరిగింది. “ఏటే గుంటా, ముందెళ్లి చెయ్యి కడుక్కుని రా.”

నా చేతులు శుభ్రంగానే ఉన్నాయి. ఆ మాటే అన్నాను, పెడసరంగా. “మురికి సంగతి కాదే. రాసిందానివి వేరు, దిద్దేదానివి వేరు. ఆ చెయ్యి పట్టుకుని ఈ పనికి రాకూడదు. ఎల్లు” అంది. వరండా చివర కుళాయికి వల సంచిలో ఎర్ర సబ్బు వేలాడుతోంది. వెళ్లి కడుక్కున్నాను. తుడుచుకుంటూ తిరిగొచ్చి చూద్దును కదా, ‘చేప్పాడు’ నాకు ఎదురుగుండా కనిపించింది. ఇందాకా ఎందుకు కనపడలేదో తెలియలేదు.

“ఎనిమిదున్నాయి,” అంది ఆవిడ, చేస్తున్న పని మీంచి తలెత్తకుండానే.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి తొమ్మిదీ తీశాను. చివరిది దొరికినప్పుడు నేను గట్టిగా అరిచిన అరుపుకి పక్క క్వార్టరువాళ్లు తొంగి చూశారు. వచ్చే ఆదివారం నుంచి రమ్మంది. ఒట్టు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

క్లాసు ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, ఆవిడ చర్చినుంచి వచ్చి భోంచేశాక. వరండాలో చాపలు. చర్చి పిల్లలు, గుడికి వెళ్లే పిల్లలు, పక్కూరు దుర్గ్‌లోని రైల్వే క్వార్టర్లనుంచి సైకిలు మీద వచ్చే ఇద్దరు ముస్లిం అక్కచెల్లెళ్లు. అందరం ఆంధ్రానుంచి వచ్చినవాళ్ల పిల్లలమే, అందరికీ హిందీయే ముందు నోట్లోకి వచ్చేది. గార్డు మావయ్య గూడ్సు బండి మీద డ్యూటీ లేని ఆదివారాల్లో పెద్ద గిన్నెడు టీ కాచి వరండా గట్టు మీద పెట్టి లోపలికి పోయేవాడు. క్లాసులో మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు.

పాఠం అంటూ పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఏదో ఒకటి రాయమనేది. మీ ఇంటి వెనక ఏముంది, నిన్న ఏం తిన్నారు, ఎవరితో దెబ్బలాడారు. రాశాక కుళాయి. కుళాయి దగ్గర లైను, తోపులాట. తిరిగొచ్చాక ఎక్స్‌రే. ఆస్పత్రిలో పారేసే పాత ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చి, మధ్యలో ఒక మాట పట్టేంత సన్నటి కిటికీ కోసి పెట్టింది. దాన్ని కాగితం మీద పరిస్తే ఆ కిటికీలోంచి ఒక్క మాటే కనిపిస్తుంది, మిగతాదంతా ఎవరివో ఎముకలు. “నాకు మోకాలు! నాకు మోకాలు!” అని కొట్టుకునేవాళ్లం. పక్కటెముకలు ఎవరికీ అక్కర్లేదు, ఆ చారల్లో అక్షరాలు తికమకగా ఉండేవి.

చదవడం కూడా చివరి మాటనుంచి మొదటి మాటకి, వెనక్కి. ముందునుంచి చదివితే ఒప్పుకునేది కాదు. “ముందునించి చదివితే నువ్వు చదవవే. నీకు తెలిసిందే అప్పజెప్తావు. వెనకనించి రా, అప్పుడు ఏది రాసేవో అదే కనబడతాది.” అప్పుడు నాకు ఇదంతా పిచ్చిగా అనిపించేది. ఇప్పుడు నా స్కూల్లో పిల్లలు పరీక్ష పేపర్లు తిరగేసి “చూసేశాను మేడం” అని పది సెకన్లలో ఇచ్చేస్తుంటే తెలుస్తోంది.

ఎర్ర సిరా ముట్టుకునేది కాదు. “ఎర్రది ఆస్పత్రిలో చాలినంత చూస్తన్నాను” అనేది. మా కాగితాల మీద ఆవిడ చేతి రాత ఒక్క గీతైనా ఉండేది కాదు. నోటితో ఒక అంకె చెప్పడమే.

ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో ఒకసారి ఆవిడే చెప్పింది. ఆపరేషన్ మొదలుపెట్టే ముందు గాజుగుడ్డ ముక్కలు లెక్కపెడతారట. కుట్టు వేసే ముందు మళ్లీ లెక్కపెడతారు. రెండు లెక్కలూ కలిస్తేనే కుట్టడం. “కలవలేదనుకో, పెద్ద డాక్టరైనా సూది కింద పెట్టాల్సిందే. లోపల ఒకటుంది అన్నామంటే ఉంది, అంతే. ఎక్కడుందో ఎతుక్కోవాలి. మీరు కాయితం మడిచేరంటే కుట్టీసినట్టే కదర్రా.”

పనిలోకి దిగితే చాలా కఠినం. కానీ తప్పుల్ని చూస్తే ముచ్చటపడేది. ఒకడు ‘ట్రక్కు వచ్చాడు’ అని రాశాడు, హిందీలో ట్రక్కు మగవాడు కాబట్టి. “మీసాలున్నాయేట్రా ఆ ట్రక్కుకి?” అని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఇంకొకడు వ్యాసంలో ‘ఏటి’ అని రాస్తే, “నోటితో ఏటి అను, ఎవరొద్దన్నారు? నేనూ అంటాను. కాయితం మీద ఏమిటి అని రాయి. కాయితం గుంటూరోళ్లు కూడా చదువుకోవాలి కదా” అంది. ఆ తర్వాత మాలో ఎవరు కాస్త గ్రాంథికంగా మాట్లాడినా “గుంటూరోడొచ్చేడు” అని ఏడిపించేవాళ్లం.

ఊళ్లో పెళ్లి శుభలేఖలకి మాత్రం ఆవిడంటే హడలు. కార్డు చేతికిస్తే తీసుకుని, మనస్ఫూర్తిగా ఆశీర్వదించి, “ఆరున్నాయమ్మా” అనేది. పాపం, పిలవడానికి వచ్చిన పెళ్లికొడుకు తల్లి మొహం మాడిపోయేది. కొన్నాళ్లకి జనం తెలివి మీరి, అచ్చుకి ముందే ఆవిడకి చూపించడం మొదలెట్టారు. అప్పుడైనా ఏవేవో చెప్పిందా? లేదు. పెళ్లికొడుకుని కూర్చోబెట్టి, చెయ్యి కడుక్కోమని ఎక్స్‌రే ఇచ్చేది.

ఇక నేను ఆవిడతో పడ్డ గొడవ సంగతి. నాకు పదిహేడో ఏడు. అప్పటికి మూడేళ్లుగా వెళ్తున్నా ఒక్కసారీ ‘సున్నా’ అనిపించుకోలేదు. ఎవరూ అనిపించుకోలేదనుకోండి, అయినా నాకది పంతం. ఆ ఆదివారం మా కాలనీలో కుక్క గురించి ఒక పేజీ రాశాను. ఆవిడ చూసి “ఒకటుంది” అంది. వెనకనుంచి చదివాను, లేదు. కాగితం ఇంటికి తీసుకెళ్లి వారమంతా చూశాను, లేదు. మళ్లీ ఆదివారం ఇచ్చాను. చూసింది. “ఒకటుంది.”

నా కోపం నషాళానికి అంటింది. “లేదు! లేనిది ఎక్కణ్నించి తెమ్మంటారు? మీరే తప్పు లెక్కపెట్టేరు!” అని అరిచాను. ఇరవై మంది పిల్లలూ నా వైపు తిరిగారు. లోపల గార్డు మావయ్య గరిటె చప్పుడు కూడా ఆగిపోయింది.

సిస్టరమ్మ లేచి కుళాయి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది, మోచేతులదాకా, ఆస్పత్రిలో కడుక్కునేంత సేపు. వచ్చి, ఎక్స్‌రే అడిగి తీసుకుని, చివరి మాటనుంచి ఒక్కొక్కటే వేలు పెట్టి చదివింది. మాకు గంటసేపైనట్టు అనిపించింది. మొదటి మాటదాకా వచ్చి కళ్లజోడు తీసింది.

“సున్నా,” అంది. “నేనే తప్పు లెక్కపెట్టేను. ‘ఊళ’ అని ఉంటే ‘ఊల’ అనుకుని చూసేను, రెండుసార్లూనూ.”

నాకు విజయగర్వం రావాలి కదా, రాలేదు. భయం వేసింది. అన్ని కళ్ల ముందు ఆవిడ్ని పట్టుకుని అరిచేశానని. తల దించుకుని “సారీ సిస్టరమ్మా” అన్నాను.

“సారీ ఏటే? థియేటర్లో కొత్తగా వచ్చిన పిల్లైనా లెక్క తేడాగా ఉందంటే అందరం ఆగిపోతాం. చెప్పకపోతేనే తప్పు. నువ్వు చెప్పేవు. కానీ మీద అరవకు, గుంటా. మెల్లగా చెప్పినా ఆగుతాను.” ఆ రోజంతా ఆవిడ మొహం వెలిగిపోతూనే ఉంది. వచ్చినవాళ్లందరికీ “దీనికి సున్నా వచ్చిందర్రా, నాకు ఒకటి వచ్చింది” అని చెప్పుకుంది. ఒక ముసలాయన పాలు తెస్తే ఆయనకి కూడా చెప్పింది, ఆయనకి తెలుగు ముక్క రాదు.

నేనిప్పుడు దుర్గ్‌లో ఒక స్కూల్లో సైన్సు చెబుతున్నాను, హిందీలో. పిల్లల నోటు పుస్తకాల్లో నేనూ అంకె ఒక్కటే వేస్తాను. పోయినసారి మీటింగులో ఒక తండ్రి నిలబడి “మేడం గల్తీ నహీఁ బతాతీ, సిర్ఫ్ గిన్తీ బతాతీ హైఁ” అని ఫిర్యాదు చేశాడు. తప్పు చెప్పదు, లెక్క చెబుతుంది అని. హెడ్మాస్టరుగారు నా వైపు చూశారు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ సాయంత్రమే కోహ్కా వెళ్లి సిస్టరమ్మకి చెప్పాను. రిటైరయ్యాక వాళ్లు అక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఆవిడ అప్పటికే మంచం మీద ఉంది. “గల్తీ, గిన్తీ... బాగా కుదిరిందే” అని రెండుసార్లు అనుకుని నవ్వింది. నేను ఆవిడ్ని చూడ్డం అదే ఆఖరు.

స్కూలు వదలగానే ఫ్లెక్సు పని మీద పడ్డాను. ముందు తెల్లకాగితం మీద రాశాను. కొట్టేశాను. పెద్ద పెద్ద మాటలు రాస్తే ఆవిడకి నచ్చవు, మరీ చిన్నగా రాస్తే నాకు తృప్తి లేదు. నాలుగు కాగితాలు పాడుచేశాక ఇది తేలింది:

“ఈ ఊరి తెలుగు పిల్లలకు రాయడం, రాసింది తామే దిద్దుకోవడం నేర్పిస్తున్న మా సిస్టరమ్మకు కన్నీటి వీడ్కోలు. – ఆదివారం తెలుగు క్లాసు విద్యార్థులు.”

కోహ్కాలో ఫ్లెక్సు కొట్టు. కొట్టు భయ్యా కాగితం అందుకుని, “దీదీ, యే జలేబీ కౌన్ పఢేగా?” అన్నాడు, ఈ జిలేబీలు ఎవరు చదువుతారని. తెలుగు అక్షరాల్ని జిలేబీలనడం ఇక్కడ పాత జోకే. వేరే రోజైతే నేనూ నవ్వేదాన్ని. “పఢ్‌నేవాలే సాఠ్ లోగ్ ఆ రహే హైఁ, భయ్యా. ఏక్ భీ గల్తీ హుయీ తో మైఁ మర్ జావూఁగీ” అన్నాను. అరవై మంది చదివేవాళ్లు వస్తున్నారు, ఒక్క తప్పున్నా చచ్చిపోతానని. అతను భయపడి కుర్చీ వేశాడు.

అతని కంప్యూటర్లో తెలుగు పెట్టగానే ‘విద్యార్థులు’ ముక్కలైపోయింది. ర ఒకచోట, దాని కింది థ ఒత్తు ఇంకొకచోట. నా ఫోన్లో రాసి, బొమ్మలా మార్చి పంపాను. చిన్న కాగితం మీద ఒక నకలు తీయించాను. బయట డ్రమ్ములో నీళ్లతో చేతులు కడుక్కున్నాను. ఎక్స్‌రే లేదు, కొట్టువాడి విజిటింగ్ కార్డులు రెండు తీసుకుని మధ్యలో సందు వదిలి కాగితం మీద పెట్టాను. విద్యార్థులు. క్లాసు. తెలుగు. ఆదివారం. వీడ్కోలు. కన్నీటి. ఒక్కొక్కటే. ‘తెలుగు’లో తేలు లేదు. ‘దిద్దుకోవడం’లో దకి ద ఒత్తే ఉంది. మొదటికి వచ్చాను. ఏమీ లేదు. మళ్లీ చదివాను. మళ్లీ నకలు తీయించాను. “దీదీ, సబ్ ఏక్ జైసా హీ హై” అని, అన్నీ ఒకేలా ఉన్నాయని కొట్టు భయ్యా బతిమాలాడు.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా నాకు కుదురుగా లేదు. ఎందుకో కాసేపటికి తెలిసింది. ఇన్నేళ్లలో నేను ఎవరూ అంకె చెప్పకుండా నా తెలుగు కాగితం దిద్దుకోవడం ఇదే మొదలు. అంకె ఉంటే ఎప్పుడు ఆగాలో తెలుస్తుంది. మూడంటే మూడు దొరికాక ఆగొచ్చు. ఇప్పుడు లోపల ఎన్నున్నాయో చెప్పేవాళ్లు లేరు. సున్నా కావచ్చు, నాలుగు కావచ్చు. సుధీర్‌కి ఫొటో పంపి ఫోన్ చేశాను.

“ఎన్నున్నాయో చెప్పరా.”

“ముఝే క్యా పతా, దీదీ? నాకేం తెలుసు? నాకన్నీ కరెక్టుగానే కనపడతన్నాయి.” మళ్లీ తనే, “ఇప్పుడెవర్నడుగుతాం మరి?” అన్నాడు.

అచ్చు వేయించేశాను.

మర్నాడు మూడున్నరకే చర్చి ఆవరణ నిండిపోయింది. డ్యూటీ దుస్తుల్లోనే వచ్చినవాళ్లు కొందరు, దుర్గ్‌నుంచి ఆటో చేసుకుని వచ్చిన ముస్లిం అక్కచెల్లెళ్లు, జుట్టు నెరిసిన మా సీనియర్లు. ప్రతి ఒక్కరూ గేటు దగ్గర ఆగారు. పూలు చేత్తో పట్టుకుని, ఫ్లెక్సు కింది చివరినుంచి మొదలుపెట్టి, వేలు గాల్లో కదుపుతూ, పెదవులు ఆడిస్తూ, వెనక్కి చదివారు. ఒకరి వెనక ఒకరు, లైను కట్టేశారు. మా సంగతి తెలియని ఫాదర్‌గారు ఇదేదో కొత్త ప్రార్థన అనుకుని పక్కన నిలబడి చేతులు జోడించారు. నేను స్తంభం పక్కన నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాను.

“సున్నా, దీదీ!” అన్నాడు సుధీర్, రెండుసార్లు చూసి. “సున్నా” అన్నారు అక్కచెల్లెళ్లు. “సున్నాయే” అన్నాడొక పెద్దాయన, భుజం తట్టి. అరవై సున్నాలు! నిజం చెప్పొద్దూ, అంత దుఃఖంలోనూ కాస్త గర్వపడ్డాను.

అప్పుడు గార్డు మావయ్య బయటికొచ్చాడు. లోపల శవపెట్టె పక్కన కూర్చుని కూర్చుని ఉక్కపోసిందట, ఎవరో మోచెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఫ్లెక్సు ముందు ఆగాడు.

“మావయ్యా, కుర్చీ తెస్తాను, కూర్చోండి.”

“ఉండవే, చదవనీ. నాకు మీలాగ ఎనకనించి చదవడం రాదు. ఉజ్జోగమంతా గూడ్సు బండికి ఎనక పెట్టెలోనే కూకున్నాను. చదువేనా ముందునించి చదవనీ.”

పైనుంచి మొదలుపెట్టాడు. పైకే, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. “ఈ... ఊరి... తెలుగు పిల్లలకు... రాయడం... రాసింది తామే దిద్దుకోవడం... నేర్పిస్తున్న...” అక్కడ ఆగాడు. వెనక్కి వెళ్లి మళ్లీ చదివాడు. మళ్లీ అక్కడే ఆగాడు.

“ఒకటుందే అమ్మా,” అన్నాడు.

అందరూ ఇటు తిరిగారు. ఏదో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆయన పక్కన నిలబడి మొదటిసారి ముందునుంచి చదివాను. నేర్పిస్తున్న. అక్షరం తప్పు లేదు, ఒత్తు తప్పు లేదు. వెనకనుంచి విడివిడిగా చూస్తే ఆ మాటలో ఏ దోషమూ లేదు. ముందునుంచి, మామూలు మనుషులు చదివినట్టు చదివితేనే తెలుస్తుంది, ఆవిడ ఇంకా నేర్పిస్తూనే ఉన్నట్టు రాశానని. రాసిన నాకు తెలియలేదు, అరవై మందికీ తెలియలేదు.

“రహ్‌నే దో, దీదీ,” అన్నాడు సుధీర్ మెల్లగా. “ఉండనియ్. బాగుంది.” పక్కవాళ్లు కూడా తలూపారు. నాకూ అలాగే అనిపించింది. ఉంచేయాలని ఎంత ఆశ కలిగిందో చెప్పలేను.

“మావయ్యా, ఉంచేద్దామా?” అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. “నేదమ్మా. దిద్దీ. ఒక్కటున్నా ఆవిడ ఊరుకోదు.”

సుధీర్ జేబులోంచి నల్ల మార్కరు తీసి ఇచ్చాడు. స్టూలెక్కి ‘నేర్పిస్తున్న’ మీద గీత కొట్టాను. నిన్నటినుంచీ రాని ఏడుపు అప్పుడొచ్చింది, ఆపుకోలేనంత. ఆ ఏడుపులోనే పైన ‘నేర్పిన’ అని రాశాను.

‘ఊరుకోదు’ అన్నాడు మావయ్య. ఆ మాటలోనూ అదే తప్పుంది. చెప్పడానికి నాకు నోరు రాలేదు.